వేసవి సెలవుల్లో ఒక మార్నింగ్ షో పిల్లలకు ఇవ్వండి: విశాఖ థియేటర్ల యజమానులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని సినిమా థియేటర్ల యజమానులకు, మేనేజర్లకు, ఉత్తరాంధ్ర పంపిణీదారులకు నమస్కారం.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. వచ్చే వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, వారానికి ఒక్క రోజు మార్నింగ్ షో పిల్లల కోసం కేటాయించండి. ఆ ఆటకు కొత్త సినిమా అక్కర్లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని పడీ పడీ నవ్వుతూ, మధ్యమధ్యలో ఊపిరి బిగబట్టి చూసిన పాత సాహస హాస్య చిత్రాలు వేయండి. బొమ్మలు గీసి తీసినవి కాదు, నిజం మనుషులు నటించినవి. మన తెలుగువి ముందు, ఆ తర్వాత బయటివి. టికెట్ ధర తగ్గించండి. తాతలను, అమ్మమ్మలను, పిల్లలను మేం తీసుకొస్తాం.

నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను, బడిలో పాఠాలు చెబుతాను. సినిమా వ్యాపారం లెక్కలు మీకు తెలిసినంతగా నాకు తెలియవు. కానీ పిల్లలు దేనికి నవ్వుతారో, దేనికి మొహమాటంగా పెదాలు కదుపుతారో రోజూ చూసే పని నాది. ఇప్పటి పిల్లలకు పాత సినిమాలు నచ్చవని, వాళ్లకు వేగం కావాలని, రంగుల హంగు లేకపోతే పది నిమిషాలు కూడా కూర్చోరని పెద్దలు తేలిగ్గా తీర్పు చెప్పేస్తుంటారు. నేను ఒప్పుకోను. మా తరగతిలో ఖాళీ పిరియడ్ దొరికినప్పుడు గోడ మీద ‘మాయాబజార్’ వేస్తాను. నలుపు తెలుపు అని మొదట మూతి ముడుచుకున్న పిల్లలే, మాయా శశిరేఖ అడుగుపెట్టిన దగ్గర నుంచి బెంచీల చివరికి జరిగి కూర్చుంటారు.

ఆ ఒక్క భాగాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి అంతఃపురంలోకి వచ్చాడు. తెర మీద ఉన్నది సావిత్రి. ఎవరూ లేనప్పుడు భుజాలు విరుచుకుని, లేని మీసం మెలేస్తూ, కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంది. అలికిడి వినపడగానే ఆ భుజాలు కుంచించుకుపోతాయి, తల వాలుతుంది, సిగ్గు మొగ్గలేస్తుంది. ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు నడకను, మెడ తిప్పే తీరును అంత నాజూకైన దేహంలోకి ఎక్కించుకుని చూపించింది ఆమె. ఇందులో కెమెరా మాయ ఏదీ లేదు. ఇద్దరు నటుల ఒడుపు, అంతే. పెళ్లి పీటల మీద మాయా శశిరేఖ లక్ష్మణ కుమారుడి పాదాన్ని తొక్కినప్పుడు, ఆ వేషం వేసిన రేలంగి ముఖం చూసి నవ్వని పిల్లవాడిని నేనింతవరకూ చూడలేదు. 1957 మార్చి 27న విడుదలైన సినిమా అది. తాతల కాలం నాటి ఆ నవ్వు మనవల దగ్గర ఈనాటికీ చెల్లుబాటవుతోంది.

ఇలాంటి సినిమాలు కాలానికి తట్టుకుని నిలబడడానికి అసలు కారణం ఆ మనిషి దేహంలోనే ఉందని నా నమ్మకం. తెర మీద మనిషి జారి పడితే ఎవరో నిజంగా జారి పడ్డారు. ఆ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్ల ఒంటికే తెలుస్తుంది. రోజుకు పదిసార్లు పడి లేచే వయసు కదా వాళ్లది! దెబ్బ ఎక్కడ తగులుతుందో, ఎంతసేపు మండుతుందో వాళ్లకు కొట్టిన పిండి. అందుకే ఆ నవ్వులో పిసరంత భయం కలుస్తుంది. ‘అయ్యో’ అనేలోపే నవ్వు వస్తుంది, నవ్వుతుండగానే ‘అయ్యో’ అనిపిస్తుంది. కంప్యూటర్‌లో పుట్టిన పాత్ర వంద అంతస్తుల మీద నుంచి పడ్డా ఈ రెండూ ఒకేసారి కలగవు. బొమ్మల సినిమాలంటే నాకు చిన్నచూపు లేదు, వాటి అందం వాటిది. కానీ అవి ఇవ్వలేనిది ఒకటి వీటిలో ఉంది.

1990లో వచ్చిన ‘హోమ్ అలోన్’ను తీసుకోండి. సెలవులకు ఊరెళ్లే హడావిడిలో ఎనిమిదేళ్ల పిల్లవాడిని ఇంట్లో మరిచిపోయి అందరూ విమానం ఎక్కేస్తారు. ఇద్దరు దొంగలు ఆ ఇంటి మీద కన్నేస్తారు. పిల్లవాడు ఇంట్లో ఉన్న సామానుతోనే ఇంటిని కాపాడుకుంటాడు. మెట్ల మీద నీళ్లు పోసి గడ్డకట్టిస్తాడు, పెయింటు డబ్బాలను తాడుకు కట్టి ఊపుతాడు, తలుపు పిడిని కాల్చి ఎర్రగా చేస్తాడు. ఆ మెట్ల మీద జారి వెల్లకిలా పడింది స్టంట్ కళాకారులు. ఆ పాటు చూస్తే ఇప్పటికీ మన నడుము కలుక్కుమంటుంది. అమెరికా క్రిస్మస్ గురించి ఏమీ తెలియని మన పిల్లలకు కూడా ఆ సినిమా ఒక్క ముక్క అడ్డు పడదు. ఇల్లు అంటే ఏమిటో, అమ్మ లేని ఇల్లు ఎంత పెద్దగా కనిపిస్తుందో వాళ్లకు తెలుసు.

దానికి ఏడాది ముందు, 1989లో, ‘హనీ, ఐ ష్రంక్ ద కిడ్స్’ వచ్చింది. ఒక శాస్త్రవేత్త యంత్రం వల్ల నలుగురు పిల్లలు పావు అంగుళానికి కుదించుకుపోతారు. పెరట్లో గడ్డి దాటి ఇంటికి చేరడమే కథ. ఆ పెరటిని మెక్సికో నగరంలోని స్టూడియోలో నిజంగానే కట్టారు. తాటిచెట్లంత గడ్డిపోచలు, గదంత బిస్కట్టు, పిల్లలు ఎక్కి కూర్చునే చీమ. గడ్డిపోచను చేత్తో పట్టుకుని ఎక్కుతున్నప్పుడు ఆ పిల్లల వేళ్లు తెల్లబడడం కనిపిస్తుంది. ఊహను ఇలా చేతికి అందేలా చేస్తే పిల్లలు దాన్ని జన్మలో మరిచిపోరు. సినిమా చూసి వచ్చిన వారం రోజులూ పెరట్లో చీమలను తొక్కకుండా నడిచే పిల్లలను నేను చూశాను.

మనవాళ్లు ఈ విద్యలో ఎవరికీ తీసిపోలేదు. ‘మాయాబజార్’లో ద్వారకా నగరం కనిపించేది పట్టుమని పది సెకన్లు. ఆ పది సెకన్ల కోసం యాభై అడుగులకు అరవై అడుగుల స్థలంలో సుమారు 300 బుల్లి ఇళ్లు కట్టి, వాటికి దీపాలు పెట్టారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా స్టూడియోలోనే వెన్నెల కురిపించింది. దర్శకుడు కె.వి. రెడ్డి దానికి ఆరేళ్ల ముందు తీసిన ‘పాతాళభైరవి’లోనూ ఇదే పట్టుదల. డబ్బు పారబోయడంతో వచ్చే ఫలితం కాదిది. పిల్లలను మోసం చేయకూడదన్న నిజాయితీ ఉన్నవాళ్లు చేసే పని.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1985లో వచ్చిన ‘ద గూనీస్’ అనే సినిమాలో పిల్లల గుంపు ఒక పాత పటం పట్టుకుని సముద్రపు దొంగల ఓడను వెతుక్కుంటూ వెళుతుంది. దర్శకుడు రిచర్డ్ డానర్ ఆ ఓడను నిజమైన పరిమాణంలో కట్టించి, కెమెరా తిరిగేదాకా పిల్లల కంట పడనివ్వలేదు. వాళ్లు నోళ్లు తెరిచింది నటన కాకూడదని ఆయన పంతం. మరి 2020 అక్టోబరులో వాయుగుండం రోజుల్లో మన తెన్నేటి పార్కు దగ్గర ఏం జరిగింది? బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’ లంగరు తెగి కొట్టుకొచ్చి రాళ్ల మీద ఆగింది. ఊరు ఊరంతా బీచ్ రోడ్డుకు తరలింది. తండ్రుల భుజాలెక్కి ఆ ఓడను చూసిన పిల్లల ముఖాల్లోనూ అదే ఆశ్చర్యం. సముద్రం పక్కన పెరిగే పిల్లలకు సాహస కథ ఎక్కడో దూరాన జరిగేది కాదు. బస్సు దిగితే కనిపిస్తుంది. అలాంటి పిల్లలకు మీ తెరల మీద సెలవుల్లో ఒక్క సాహస కథ కూడా దొరక్కపోవడం నాకు బాధగా ఉంది.

ఈ సినిమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది పిల్లలకు ఇచ్చే గౌరవం. వాళ్లు ముద్దు మాటలు చెప్పి వెళ్లిపోయే అలంకారం కారు. కథ వాళ్ల మీద నడుస్తుంది. ‘ఆదిత్య 369’లో మ్యూజియంలో వజ్రం దొంగతనాన్ని చూసేది ఒక పిల్లవాడు. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఆ సినిమా ఒకవైపు 1526 నాటి విజయనగరానికి, మరోవైపు 2504వ సంవత్సరానికి తీసుకెళ్లి తిరిగి తీసుకొస్తుంది. అంత పెద్ద ప్రయాణానికి తీగ లాగింది ఒక బడి పిల్లవాడి కళ్లు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో కథానాయకుడు రాజు మానస సరోవరం దాకా వెళ్లేది, తాను పెంచుకుంటున్న అనాథ పిల్లల్లో ఒకరికి కాలు బాగు కావాలని. దేవకన్య ఇంద్రజ ఉంగరం, దేవలోకం, మాంత్రికుడు అన్నీ ఆ కాలు నొప్పి చుట్టూ అల్లుకున్నవే. గుణ్ణం గంగరాజు 1996లో తీసిన ‘లిటిల్ సోల్జర్స్’లో అన్నాచెల్లెళ్లు ఇద్దరే కథ మొత్తాన్ని మోశారు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న దుఃఖాన్ని దాచకుండానే అంత నవ్వించిన సినిమా తెలుగులో మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్లీ విడుదలైనప్పుడు మా అమ్మను, మా తమ్ముడి కొడుకును తీసుకుని వెళ్లాను. కృష్ణదేవరాయల సభ వచ్చింది. రాయలుగానూ, ఈ కాలపు కథానాయకుడుగానూ బాలకృష్ణే కనిపించేసరికి పిల్లవాడు తికమకపడి, ‘నానమ్మా, ఆయన ఇక్కడికి ముందే ఎలా వచ్చాడు?’ అని అడిగాడు. మా అమ్మ వాడి చెవిలో రాయలు ఎవరో, తెనాలి రామకృష్ణుడు ఎవరో చెప్పుకొచ్చింది. తర్వాత భూగర్భంలో బతికే భవిష్యత్తు మనుషులు వచ్చారు. ఈసారి చెప్పడం వాడి వంతు అయింది. పైన గాలి పాడైపోయిందని, అందుకే కిందికి వెళ్లిపోయారని మా అమ్మకు ఓపిగ్గా వివరించాడు. ముందు వరుసలో ఎవరో తల తిప్పి చూశారు గానీ, ఏమీ అనలేదు. ఆ వరుసలోనూ అదే జరుగుతోంది! ఒకరికి తెలిసింది మరొకరికి చెప్పుకునే వీలు ఆ కథలో ఉంది. ఎవరికి వాళ్లు ఫోను పట్టుకుని కూర్చునే ఇళ్లలో ఈ వీలు రోజురోజుకూ తగ్గిపోతోంది.

దుష్టపాత్రల మాట కూడా చెప్పాలి. పిల్లలకు భయం అక్కర్లేదని ఈ మధ్య తల్లిదండ్రులు అనుకుంటున్నారు. పిల్లలు భయాన్ని కోరుకుంటారు, పక్కన అమ్మ చెయ్యి ఉంటే చాలు. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావును చూసి కళ్లు మూసుకున్న పిల్లలే, ఇంటికి రాగానే గడ్డం దువ్వుకుంటూ ఆయనలా మాట్లాడేవారు. అమ్రీష్ పురి ‘జగదేకవీరుడు’లో మాంత్రికుడై, ‘ఆదిత్య 369’లో పురాతన వస్తువుల పిచ్చి పట్టిన దొరబాబై రెండు రకాలుగా భయపెట్టాడు. భయపెట్టేవాడు ఎంత గట్టివాడైతే చివర్లో వాడు బోల్తా పడ్డప్పుడు నవ్వు అంత గట్టిగా పేలుతుంది. రక్తం చిమ్మకుండా, తలలు తెగకుండా భయపెట్టడం ఎలాగో ఆ రచయితలకు తెలుసు. ఇప్పుడు పెద్ద సినిమాలకు పిల్లలను తీసుకెళితే నేను ఎన్నిసార్లు వాళ్ల కళ్లు మూయాల్సి వస్తోందో లెక్కే లేదు.

మాటల సంగతీ అంతే. ‘జగదేకవీరుడు’కూ ‘ఆదిత్య 369’కూ జంధ్యాల మాటలు రాశారు. ఆ హాస్యం సందర్భంలోంచి పుడుతుంది, మరో సినిమాను వెక్కిరించడంలోంచి కాదు. నిరుడు వచ్చిన పాటను, మొన్న వైరల్ అయిన వీడియోను తగిలించుకుని పుట్టే జోకులు రెండేళ్లకే వాసన కొడతాయి. దేవకన్య భూలోకంలో బస్సు, హోటలు, టెలిఫోను చూసి తబ్బిబ్బవడం ఏ కాలంలోనైనా నవ్విస్తుంది. 1990 మే 9న ‘జగదేకవీరుడు’ విడుదలైన రోజే పెను తుపాను మన రాష్ట్ర తీరాన్ని తాకింది. కోస్తాలో థియేటర్ల ముందు నీళ్లు నిలిచాయి, రోడ్లు తెగాయి. అయినా జనం వెళ్లారు, మోకాలి లోతు నీళ్లలో నడిచి కూడా వెళ్లారు. వాన వెలిశాక కుటుంబాలు కుటుంబాలుగా మళ్లీ మళ్లీ వెళ్లారు. సరిగ్గా ముప్పై అయిదేళ్ల తర్వాత, 2025 మే 9న, మీరే ఆ సినిమాను మళ్లీ వేశారు.

అన్నీ ఓటీటీల్లో, యూట్యూబ్‌లో దొరుకుతుంటే హాలు ఎందుకని మీరు అడగవచ్చు. ఇంట్లో పిల్లలు సినిమా చూడరు, దాటేస్తారు. వేలు పెట్టి ముందుకు జరిపేస్తారు. సాహస కథకు ప్రాణమే ఆలస్యం. తలుపు వెనక ఏముందో చూపించడానికి దర్శకుడు ఎంతసేపు ఆగాడో అంతసేపు మనమూ ఆగాలి. ఆ ఆగడం హాల్లోనే సాధ్యం. నవ్వూ అంతే, మూడు వందల మంది నవ్వు ఒక్క పిల్లవాడిలో లేని ధైర్యం నింపుతుంది. బిడియపడి నోరు విప్పని పిల్లలు చీకట్లో గొంతెత్తి నవ్వడం నేను గమనించాను. ఒకప్పుడు మన ఊళ్లలో మార్నింగ్ షో అంటేనే పాత సినిమాలు, ఇంగ్లీషు సినిమాలు, తక్కువ టికెట్టు. జగదాంబ సెంటర్ చుట్టుపక్కల ఇంటర్వెల్‌లో సమోసాల వాసన, బయటికి రాగానే ఎండ కళ్లలోకి కొట్టడం మా తరానికి సెలవులతో ముడిపడిన జ్ఞాపకాలు. కొత్తగా ఏదో కనిపెట్టమని నేను అడగడం లేదు. మీ దగ్గరే ఉన్న అలవాటును తిరిగి పట్టుకోమంటున్నాను.

మీ కష్టం నాకు తెలియనిది కాదు. 2025 మేలో అద్దె పద్ధతి గిట్టుబాటు కావడం లేదని, వసూళ్లలో వాటా కావాలని, లేదంటే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అన్నప్పుడు మా ఇంట్లో కూడా చర్చ జరిగింది. ఒకే తెర ఉన్న హాళ్లు ఒక్కొక్కటిగా కల్యాణ మండపాలో, దుకాణాల సముదాయాలో అవుతున్నాయి. పెద్ద హీరో సినిమా లేని వారాల్లో ఉదయం ఆటకు ఖాళీ కుర్చీలే కదా ఉండేవి! ఆ కుర్చీలనే నేను అడుగుతున్నాను. ఈ రోజు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని హాలుకు వచ్చిన పిల్లవాడే పదేళ్ల తర్వాత తన డబ్బుతో టికెట్టు కొంటాడు. హాలు అలవాటే లేకుండా పెరిగినవాడు ఎప్పటికీ రాడు.

2022 ఆగస్టులో ‘పోకిరి’తో ఊపందుకున్న రీ-రిలీజులు ఒక దారి చూపించాయి. పాత సినిమాకు జనం వస్తారని రుజువైంది. అయితే అవి చాలావరకు హీరోల పుట్టినరోజులకు, అభిమానుల కోసం వేసే ఆటలు. కాగితాలు చల్లడం, తెర ముందు గంతులు, చెవులు చిల్లులు పడే ఈలలు. వాళ్ల ఉత్సాహం వాళ్లది, కాదనను. కానీ చిన్నపిల్లలకు ఆ గోలలో సినిమా వినపడదు. నిరుడు మా ఇంటికి దగ్గరలోని ఒక హాల్లో కుటుంబాలు చూసే సినిమాకే రాత్రి ఆట ఒక్కటి పెట్టారు. పొద్దున ఆట ఉంటుందా అని అడిగితే, టికెట్లు తెగడం లేదని రద్దు చేశామన్నారు. ఆ ఉదయం ఆట ఉందని మా వీధిలో ఒక్కరికీ తెలియదు. పోస్టరు లేదు, పేపర్లో చిన్న ప్రకటన కూడా లేదు. తెలియని ఆటకు టికెట్లు ఎలా తెగుతాయి? అందుకే ఏ వారం ఏ సినిమానో సెలవుల ముందే ప్రకటించమని కోరుతున్నాను. ఆ కాగితాన్ని బడుల నోటీసు బోర్డుల మీద అంటించే బాధ్యత మాలాంటి టీచర్లు తీసుకుంటారు.

ఏ సినిమా వేసినా ఫరవాలేదని మాత్రం అనను. పాతవన్నీ బంగారం కావు. నల్లగా ఉన్నవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను, నత్తిగా మాట్లాడేవాళ్లను ఏడిపించడమే హాస్యం అనుకున్న సినిమాలు మన దగ్గరా ఉన్నాయి, బయటా ఉన్నాయి. వాటిని పిల్లల ముందు పెట్టకండి. 1962 నాటి ‘హటారీ’ని మా నాన్నగారి తరం నెత్తిన పెట్టుకుంది. ఆఫ్రికాలోని టాంగన్యీకా (ఇప్పటి టాంజానియా) మైదానాల్లో నటులే జీపుల్లో వెంటపడి జంతువులను పట్టిన సినిమా అది. ఆ ధైర్యానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది, అదే సమయంలో తాడుకు చిక్కిన ఖడ్గమృగాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. పెద్ద పిల్లలకైతే చూపించి, తర్వాత మాట్లాడించవచ్చు. చిన్నవాళ్లకు వద్దు. ఎస్.వి. కృష్ణారెడ్డి 1993లో తీసిన ‘రాజేంద్రుడు గజేంద్రుడు’లో ఏనుగును చూసి మాత్రం ప్రతి పిల్లవాడూ ఇంటికి ఒక ఏనుగు కావాలని పేచీ పెడతాడు, ఆ పేచీకి తల్లిదండ్రులు సిద్ధపడాలి. అమెరికాలో అంతగా ఆడని ‘బేబీస్ డే ఔట్’ మన దేశంలో ఇంటింటి సినిమా అయింది. ఆ మరుసటి ఏడాదే, 1995లో, ఏడాది దాటిన అఖిల్‌తో అదే తరహాలో ‘సిసింద్రీ’ వచ్చింది. ఆ రెండింటినీ వరస వారాల్లో వేస్తే పిల్లలు వాటిని పోల్చి చూసి పేజీలకు పేజీలు రాస్తారు, నాది పూచీ.

ఇక ఏర్పాట్ల గురించి. ఆట పది గంటలకు మొదలైతే, ‘మాయాబజార్’ లాంటి పొడుగు సినిమాలకు తప్ప, ఒంటి గంటకల్లా ఇంటికి చేరవచ్చు. విశాఖ ఉక్కపోతలో మే నెల మధ్యాహ్నం చిన్నపిల్లలను బయట తిప్పడం కష్టం. శబ్దం కొంచెం తగ్గించండి. యాక్షన్ సినిమాలకు పెట్టే మోతలో మాటలు మునిగిపోతాయి, ఈ సినిమాలకు మాటలే ప్రాణం. ఇంగ్లీషు సినిమా వేసేటప్పుడు తెలుగు డబ్బింగ్ ఉంటే అదే వేయండి. మంచినీళ్ల సీసాలు లోపలికి రానివ్వండి. నలుగురున్న కుటుంబం టికెట్లకు పెట్టిన దానికన్నా పాప్‌కార్న్‌కు ఎక్కువ పెట్టాల్సి వస్తే రెండో వారం రాదు. మన బీచ్‌లో దొరికే మురీ మిక్చర్‌ను ఇంటర్వెల్‌లో అమ్మించండి, పిల్లలు ఎగబడతారు. నగరపాలక సంస్థ బడుల పిల్లలకు కొన్ని వరుసలు ఉచితంగా కేటాయించగలిగితే మరీ సంతోషం. ఆ పిల్లల్లో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా పెద్ద తెర చూడలేదు. మత్స్యకారుల వీధుల నుంచి వచ్చే మా విద్యార్థులకు సముద్రం మీద రాత్రి ఎలా ఉంటుందో తెలుసు గానీ, హాల్లో దీపాలు ఆరిపోయే క్షణం తెలియదు.

పిల్లల సినిమాను ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకునే రోజులు పోయాయి. 1955లో ఏర్పడ్డ బాలల చిత్ర సమితి 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిసిపోయింది. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి జరిగిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం ఇప్పుడు మాటల్లోనే మిగిలింది. ప్రభుత్వం మళ్లీ పూనుకోవాలని కోరుకుందాం. ఈలోగా తెరలు మీ చేతుల్లో ఉన్నాయి.

మీలో పంపిణీదారులు హైదరాబాద్ వెళ్లి నిర్మాతలతో కూర్చుంటారు. నా తరఫున వాళ్లకు ఒక మాట చేరవేయండి. ఇలాంటి సినిమా కొత్తది తీయడానికి మన చుట్టూ ఉన్నన్ని చోట్లు మరెక్కడా లేవు. మేతకు వెళ్లిన ఆవు కొండ మీది కంతలోంచి పడిపోతే, దాన్ని వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి బొర్రా గుహలు కనిపించాయని అక్కడివాళ్లు చెబుతారు. సగం స్క్రీన్‌ప్లే అక్కడే ఉంది. అరకు వెళ్లే రైలు పదుల కొద్దీ సొరంగాల్లో దూరి బయటపడుతుంది. ఒక్కో సొరంగంలో పెట్టెలోని పిల్లలందరూ కలిసి వేసే కేకలు రికార్డు చేసుకుంటే నేపథ్య సంగీతం అక్కర్లేదు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, వాటి రాళ్ల మీద అరిగిపోయిన అక్షరాలున్నాయి. ఎర్రమట్టి దిబ్బల మలుపుల్లో పది అడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా కనపడడు. బీచ్ రోడ్డు మీద ఒక జలాంతర్గామి, దానికి ఎదురుగా ఒక యుద్ధ విమానం నిలబడి ఉన్నాయి. కురుసుర అనే ఆ జలాంతర్గామి లోపల ఇరుకు దారిలో పిల్లలు వంగి నడుస్తూ ప్రతి మీటనూ నొక్కాలని చూస్తారు, ఆ మీటల్లో ఒకటి పనిచేస్తే ఏమవుతుందో ఊహించగల రచయిత ఈ ఊళ్లో ఎక్కడో ఉండే ఉంటాడు. ఇదంతా, వెనక దృశ్యాన్ని తర్వాత కంప్యూటర్‌లో అతికించే గ్రీన్ మ్యాట్ ముందు తీయకండి. ఆ ఎర్రమట్టి పిల్లల మోకాళ్లకు నిజంగా అంటాలి.

మొదటి వారానికి ఏది వేయాలని అడిగితే, ‘మాయాబజార్’ వేయండి. 2010లో రంగులద్దిన ప్రతి అయినా సరే, నలుపు తెలుపు ప్రతి అయినా సరే. నా ఓటు నలుపు తెలుపుకే. రెండో వారం ‘ఆదిత్య 369’. మూడో వారానికి ‘హోమ్ అలోన్’. ఆ తర్వాతవి పిల్లలనే అడుగుదాం, ఇంటర్వెల్‌లో చీటీలు రాయించి డబ్బాలో వేయిద్దాం. మార్చి నెలాఖరులోగా ఏ హాలు ముందుకొస్తుందో, ఏ రోజు ఆటో తెలిస్తే పరీక్షల హడావిడి మొదలవకముందే ఇంటింటికీ కబురు చేరుతుంది. చర్చకు పిలిస్తే మా బడి నుంచి, చుట్టుపక్కల బడుల నుంచి టీచర్లం వచ్చి కూర్చుంటాం. టికెట్ ధర ఎంత ఉంటే తల్లిదండ్రులకు భారం కాదో, మీకు కరెంటు ఖర్చయినా గిట్టుతుందో లెక్క వేసుకుందాం.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక బడి పంతులమ్మ,
మహారాణిపేట, విశాఖపట్నం